పొద్దున గోదారి గట్టు, సాయంత్రం ద్రాక్షతోట: నాసిక్ యాత్రకు సమగ్ర మార్గదర్శి

షిరిడీ వెళ్లినవాళ్లలో చాలామంది నాసిక్‌ను దారిలో తగిలే ఊరిగానే చూస్తారు. కారు దిగి, రామకుండంలో కాళ్లు తడుపుకుని, త్రయంబకంలో క్యూ కట్టి, రాత్రికి రైలెక్కేస్తారు. ఈమధ్య ఇంకో రకం కూడా మొదలైంది. వైన్ తయారుచేసే తోటకు వెళ్లి నాలుగు ఫోటోలు దిగి, ఊళ్లో అడుగుపెట్టకుండానే వెనక్కి వచ్చేస్తారు. గోదారినీ ద్రాక్షతోటనీ రెండింటినీ తీరిగ్గా, హడావుడి లేకుండా ఎలా చూడాలని అడిగేవాళ్ల కోసమే ఇది. రెండున్నర రోజులు పెట్టుకుంటే చాలు. అంతకంటే తక్కువ సమయం ఉంటే ఏదో ఒకటి వదులుకోండి, రెండూ కలిపి పరిగెత్తకండి.

1. ముందు ఊరి స్వరూపం అర్థం చేసుకోండి

నాసిక్ ప్లాన్ చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. చూడాల్సినవన్నీ ఒక జాబితాగా రాసుకుని, ఏది ఎటువైపు ఉందో చూసుకోకుండా బయల్దేరతారు. ట్రాఫిక్‌లోనే సగం రోజు పోతుంది.

నదిని పట్టుకుంటే అంతా తేలిగ్గా అర్థమవుతుంది. గోదావరి పడమట త్రయంబకం దగ్గర బ్రహ్మగిరిపై పుట్టి, గంగాపూర్ డ్యామ్‌లో నిలిచి, సోమేశ్వర్ దగ్గర రాళ్ల మీంచి దూకి, ఊరి మధ్యలో పంచవటికి వస్తుంది. పంచవటి నదికి ఎడమ గట్టున, పాత నాసిక్ కుడి గట్టున ఉన్నాయి. పేరున్న వైనరీలు గంగాపూర్ డ్యామ్ చుట్టుపక్కల ఉన్నాయి. పాండవ్‌లేణి గుహలు మాత్రం దక్షిణాన, ముంబై వెళ్లే హైవే పక్కన వేరుగా ఉంటాయి.

అంటే పూటకో దిక్కు:

- మొదటి రోజు పొద్దున: పంచవటి, పాత నాసిక్ (అంతా నడక)
- మొదటి రోజు సాయంత్రం: గంగాపూర్ రోడ్డు, సోమేశ్వర్, వైనరీ
- రెండో రోజు: త్రయంబకం
- మూడో రోజు పొద్దున: పాండవ్‌లేణి, తర్వాత తిరుగు ప్రయాణం

2. నెల ఎంచుకోవడం

తీగ మీద ద్రాక్ష చూడాలనుకుంటే జనవరి చివరి నుంచి మార్చి మధ్యలోపు వెళ్లండి. యూరప్‌లో ద్రాక్షకోత ఆగస్టు నుంచి అక్టోబరు వరకు సాగుతుందని చదివి, అదే లెక్కతో సెప్టెంబరులో ఇక్కడికి వస్తే కనిపించేది కొమ్మలు కత్తిరిస్తున్న కూలీలే. నాసిక్‌లో వానలు తగ్గాక తీగ కత్తిరిస్తారు, చలికాలమంతా కాయ ఊరుతుంది, ఎండ ముదరకముందే కోసేస్తారు.

- నవంబరు, డిసెంబరు: తోట పచ్చగా ఉంటుంది, కాయ చిన్నది. వాతావరణం హాయి. రాత్రిళ్లు చలి గట్టిగానే ఉంటుంది, స్వెటర్ తప్పనిసరి.
- జనవరి చివర, ఫిబ్రవరి, మార్చి మొదట్లో: అన్నిటికంటే మంచి కాలం. గుత్తులు, కోత, తొక్కుడు అన్నీ కనిపిస్తాయి. గదుల ధరలు కూడా దానికి తగ్గట్టే ఎక్కువగా ఉంటాయి.
- ఏప్రిల్, మే: ఎండ. తోటలో చూడడానికి ఏమీ ఉండదు.
- జూన్ నుంచి సెప్టెంబరు: కొండలు, జలపాతాలు అద్భుతం. ద్రాక్ష ఉండదు. గోదారికి వరద రావచ్చు.

ఇక తేదీలు. శ్రావణ సోమవారాల్లో త్రయంబకం జోలికి వెళ్లకండి. మరాఠీ వాళ్ల శ్రావణం, మన శ్రావణం ఒకటే కాబట్టి ఇంట్లో పంచాంగం చూసుకుంటే సరిపోతుంది.

2027 గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గురుడు సింహరాశిలో ప్రవేశించే కాలంలోనే మనకు గోదావరి పుష్కరాలు, వాళ్లకు సింహస్థ కుంభమేళా. కుంభమేళా ప్రధాన స్నానాలు 2027 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉన్నాయి. పుణ్యస్నానమే ముఖ్యమైతే అప్పుడు వెళ్లండి. ఊరు చూడాలనుకునేవాళ్లు మాత్రం ఆ రోజులకు దూరంగా ఉండండి.

3. చేరుకోవడం, బస

సికింద్రాబాద్ వైపు నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్, నాందేడ్, ఛత్రపతి శంభాజీనగర్ (పాత పేరు ఔరంగాబాద్), మన్మాడ్ మీదుగా నాసిక్ రోడ్‌కు వెళ్తుంది. అందులో టికెట్ దొరక్కపోతే కాచిగూడ నుంచి అజంతా ఎక్స్‌ప్రెస్‌లో మన్మాడ్ దిగి అక్కడి నుంచి వెళ్లొచ్చు. కోస్తా జిల్లాల వాళ్లకు షిరిడీ రైళ్లే సులువు. షిరిడీ నుంచి నాసిక్ దాదాపు 90 కిలోమీటర్లు, రోడ్డు మీద రెండు గంటల పైమాటే.

స్టేషన్ పేరు 'నాసిక్ రోడ్' అని గుర్తుంచుకోండి. అది ఊరికి దూరం. పంచవటికి ఇంకో పది కిలోమీటర్ల దాకా వెళ్లాలి. స్టేషన్ పక్కనే గది తీసుకుంటే రోజూ ఆ దూరం తిరగాల్సి వస్తుంది.

బస విషయంలో నా మాట ఇది: పెద్దవాళ్లు వెంట ఉంటే పంచవటి దగ్గర, స్నేహితులతోనో దంపతులుగానో వెళ్తే గంగాపూర్ రోడ్డు వైపు. వైనరీ రిసార్టుల్లో ఉండాలని సరదా పడేవాళ్లు ఒక్క రాత్రికి పరిమితం చేసుకోండి. తోట మధ్యలో పడుకుంటే తెల్లవారుజామున రామకుండానికి చేరడం కష్టం.

4. బయల్దేరే ముందు చెక్‌లిస్ట్

- [ ] వైనరీ టూర్ స్లాట్ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేశారా? శని, ఆదివారాలు వద్దు, మంగళ, బుధ, గురువారాలు మేలు.
- [ ] ఆ తేదీ డ్రై డే (మద్యం అమ్మని రోజు) కాదు కదా? అక్టోబరు 2, ఆషాఢ, కార్తీక శుద్ధ ఏకాదశుల వంటివి, ఎన్నికల రోజులు చూసుకోండి.
- [ ] వయసు చూపే గుర్తింపు కార్డు ఉందా? మహారాష్ట్రలో వైన్, బీరుకు 21 ఏళ్లు నిండాలి.
- [ ] త్రయంబకంలో గర్భగుడి దర్శనం ఆలోచన ఉంటే మగవాళ్లకు పంచె, కండువా పెట్టుకున్నారా?
- [ ] తడిబట్టలకు ప్లాస్టిక్ సంచి, తేలిగ్గా విప్పుకునే చెప్పులు, చిల్లర ఉన్నాయా?
- [ ] మొదటి రోజు సాయంత్రానికి వెయిటింగ్‌తో సహా కారు మాట్లాడుకున్నారా?

చివరిది చాలామంది పట్టించుకోరు. దాని సంగతి ఆరో భాగంలో చెప్తాను.

5. మొదటి రోజు పొద్దున: గోదాఘాట్

ఆరున్నరకల్లా రామకుండం చేరండి. తొమ్మిది దాటితే టూరిస్టు బస్సులు దిగుతాయి.

*మొదటి అడుగు, రామకుండం.* ఇది స్నానఘట్టమే కాదు, అస్థి నిమజ్జనం జరిగే చోటు కూడా. పక్కనే ఒక కుటుంబం కన్నీళ్లతో కర్మ చేస్తూ ఉండొచ్చు. ఫోన్ జేబులో పెట్టుకోండి. మెట్లకు పాచి ఉంటుంది, పెద్దవాళ్లను చెయ్యి పట్టుకుని దింపండి. నీళ్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు. శుభ్రంగా అనిపించని రోజున నెత్తిన చల్లుకుని లేచిపోయినా ఎవరూ తప్పుపట్టరు. సంకల్పం చెప్పిస్తామంటూ వచ్చేవాళ్లతో దక్షిణ ఎంతో ముందే తేల్చుకోండి, కూర్చున్నాక కాదు.

*రెండో అడుగు, కపాలేశ్వర్.* రామకుండం పైనే మెట్లెక్కితే వస్తుంది. శివాలయమే కానీ ఎదురుగా నంది ఉండడు. ఇక్కడ నందిని శివుడు గురువుగా భావించాడని స్థలపురాణం.

*మూడో అడుగు, నదిగట్టు నడక.* దిగువకు నాలుగడుగులు వేస్తే దుతోండ్యా మారుతి కనిపిస్తాడు. రెండు ముఖాల పెద్ద ఆంజనేయ విగ్రహం, ఆరుబయట, నది ఒడ్డునే. నాసిక్ వాళ్లకు వరద మట్టం కొలిచే స్కేలు ఈయనే. గంగాపూర్ డ్యామ్ నుంచి నీళ్లు వదిలినప్పుడు "మారుతి నడుం దాకా వచ్చింది", "మెడ దాకా వచ్చింది" అని చెప్పుకుంటారు. వానాకాలంలో వెళ్తే ముందు ఈయన్ను చూసి, తర్వాతే గట్టు మీద నడవాలో వద్దో తేల్చుకోండి.

అక్కడికి దగ్గర్లోనే నారోశంకర్ ఆలయం ఉంది. 1747 నాటిది. గుడి కంటే దాని ప్రాకారం మీద వేలాడే పెద్ద గంటకే పేరు ఎక్కువ.

*నాలుగో అడుగు, టిఫిన్.* నాసిక్ వచ్చి ఇడ్లీ వెతుక్కోకండి. మిసళ్ తినండి. మొలకల కూర మీద ఫర్సాణ్ (కారం మిక్చర్) చల్లి, మసాలా రసం పోసి, పావ్‌తో ఇస్తారు. రసం విడిగా అడిగితే మళ్లీ పోస్తారు. కారం మనవాళ్లకు లెక్కలోది కాదు గానీ నూనె ఎక్కువ, ఎసిడిటీ ఉన్నవాళ్లు పెరుగు కలుపుకోండి.

*అయిదో అడుగు, కాలారామ్ ఆలయం, సీతాగుంఫా.* కాలారామ్ నల్లరాతి గుడి. 1930 మార్చి 2న దళితుల ఆలయ ప్రవేశం కోసం అంబేద్కర్ సత్యాగ్రహం మొదలుపెట్టింది ఇక్కడే. సీతాగుంఫా కూతవేటు దూరంలో ఉంటుంది. గుహదారి బాగా ఇరుకు, కొన్నిచోట్ల వంగి, దాదాపు కూర్చుని జరగాలి. మోకాళ్ల నొప్పులు, ఊపిరి సమస్య, ఇరుకు చోటంటే భయం ఉన్నవాళ్లు బయటే ఆగి పంచవటి మర్రిచెట్లు చూడండి. ఒకసారి లోపలికి దిగాక వెనక వరసలో ఉన్నవాళ్లను దాటి తిరిగి రావడం కుదరదు.

*ఆరో అడుగు, వంతెన దాటి పాత నాసిక్.* యాత్రికుల్లో నూటికి తొంభై మంది ఇటు రారు, నాకు మాత్రం ఊళ్లో బాగా నచ్చేది ఈ భాగమే. బంగారం కొట్ల సరాఫ్ బజారు, సర్కార్‌వాడా అనే పాత భవనం, చెక్క బాల్కనీల పాత ఇళ్లు, రాగి, ఇత్తడి సామాన్ల భాండీ బజారు ఇక్కడే. గంటసేపు కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు తిరగండి. బిందె, పంచపాత్ర ఏది కొన్నా తూకం మీద ధర అడగండి.

మధ్యాహ్నం గదికి వెళ్లి పడుకోండి. ఇది సలహా కాదు, ప్లాన్‌లో భాగం. నిద్ర లేకుండా సాయంత్రం వైన్ రుచి చూస్తే తల నొప్పే మిగులుతుంది.

6. మొదటి రోజు సాయంత్రం: ద్రాక్షతోట

ఇంట్లో పెద్దవాళ్లకు మందు వాసనే పడకపోతే వాళ్లను తోటకు లాక్కెళ్లకండి. వాళ్లను గోదా హారతి వేళకు రామకుండం దగ్గర దింపి, ఒకరు తోడుగా ఉండండి. మిగతావాళ్లు గంగాపూర్ రోడ్డు పట్టండి. అందరికీ ప్రశాంతం.

ఏ వైనరీ? మొదటిసారైతే సులా. 1999లో రాజీవ్ సామంత్ మొదలుపెట్టిన సంస్థ, నాసిక్ పేరును వైన్‌తో ముడిపెట్టింది ఎక్కువగా వీళ్లే. టూర్ పద్ధతిగా ఉంటుంది, సూర్యాస్తమయం బాగుంటుంది. జనం కూడా బాగానే ఉంటారు. గోల వద్దనుకుంటే దగ్గర్లోనే యార్క్ ఉంది, చిన్నది. డ్యామ్ వైపే సోమా కూడా ఉంది. ఇగత్‌పురి వైపు వలోన్, గ్రోవర్ జంపా, దిండోరి వైపు షాండన్ ఉన్నాయి కానీ అవి వేరే దిక్కు, ఈ సాయంత్రంలో ఇమడవు. ఒక సాయంత్రానికి ఒక వైనరీ, మహా అయితే రెండు.

వరుస ఇలా పెట్టుకోండి:

1. మూడున్నరకు కడుపులో ఏదైనా వేసుకుని బయల్దేరండి. ఖాళీ కడుపుతో రుచి చూడడం మొదలుపెట్టొద్దు.
2. దారిలో సోమేశ్వర్ దగ్గర అరగంట ఆగండి. వానలు పడిన నెలల్లో జలపాతం జోరుగా ఉంటుంది, అప్పుడు రాళ్ల మీదికి దిగకండి.
3. నాలుగున్నర, అయిదు మధ్య టూర్ స్లాట్ తీసుకోండి. టూర్ అయ్యేసరికి ఎండ తగ్గి తోట మీద వెలుగు బాగుంటుంది.
4. టూర్‌లో ద్రాక్ష తొక్కే యంత్రం, స్టీలు ట్యాంకులు, ఓక్ పీపాలు చూపిస్తారు. తెల్ల వైన్‌కు రసం తీసి తొక్కు పక్కన పడేస్తారు, ఎర్ర వైన్‌కు తొక్కుతో సహా పులియబెడతారు. ఎరుపు వచ్చేది ఆ తొక్కు నుంచే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తర్వాత రుచి తేడా తెలుస్తుంది.
5. రుచి చూసే గదిలో గ్లాసును కాడ దగ్గరే పట్టుకోండి. గిన్నె పట్టుకుంటే చేతి వేడికి చల్లటి వైన్ వెచ్చబడుతుంది. తెల్లకాగితం మీద వంచి రంగు చూడండి, మెల్లగా తిప్పండి, వాసన చూసి, చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పండి.
6. తేలిక వైన్ నుంచి బరువైనదానికి వెళ్లండి: ముందు బుడగలొచ్చే స్పార్క్లింగ్ వైన్, తర్వాత తెల్లవి, ఆ తర్వాత గులాబీ రంగు 'రోజే' వైన్, చివర ఎర్రవి. తీపివి ఉంటే అన్నిటికంటే ఆఖరున.
7. ఒక్కో వైన్ మధ్య నీళ్లు తాగండి. నచ్చనిది అక్కడ పెట్టిన పాత్రలో పారబోయండి. అది అందుకే పెట్టారు, మర్యాద తప్పినట్టేమీ కాదు.

మొదటిసారి తాగేవాళ్లకు తెల్ల వైన్లలో షెనిన్ బ్లాంక్ సులువుగా నోటికి ఎక్కుతుంది. సోవిన్యాన్ బ్లాంక్‌లో పులుపు, పచ్చి ఆకు వాసన ఉంటాయి. షిరాజ్, కాబర్నే వంటి ఎర్రవాటిలో టానిన్ (తొక్క, గింజల నుంచి వచ్చే వగరు పదార్థం) వల్ల పచ్చి వక్క నమిలినట్టు నాలుక బిగుసుకుంటుంది. వైన్ పాడైందేమో అనుకుని కంగారు పడకండి, దాని స్వభావమే అది. ఫలానా పండు వాసన వస్తోందా అని గైడ్ అడిగితే రావట్లేదని చెప్పండి. చాలామందికి రాదు, మొహమాటానికి తలూపుతారు.

తాగనివాళ్లు కూడా టూర్‌కు రావచ్చు, తోట, డాబా మీంచి కనిపించే సూర్యాస్తమయం వాళ్లకూ ఉంటాయి. పిల్లలుంటే బుకింగ్‌లోనే నిబంధన చదువుకోండి.

తిరిగి రావడం. ఇప్పుడు కారు సంగతి. రాత్రి ఎనిమిది తర్వాత వైనరీల దగ్గర యాప్‌లో క్యాబ్ దొరకడం చాలా కష్టం. దొరికినా చెప్పిన రేటుకు రారు. అందుకే వెయిటింగ్‌తో మాట్లాడుకోమన్నది. సొంత కారైతే తాగని మనిషి స్టీరింగ్ పట్టాలి. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారి పట్టుబడితేనే 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

తోటలోకి దిగి గుత్తులు కోయకండి. పురుగుమందు కొట్టి ఉండొచ్చు, పైగా అది వాళ్ల పంట. వైన్ ద్రాక్ష గింజ ఎక్కువ, తొక్క మందం, తినడానికి అంత బాగోదు కూడా.

7. రెండో రోజు: త్రయంబకం

నాసిక్ నుంచి 28 కిలోమీటర్లు. అయిదింటికి బయల్దేరండి. రాత్రి వైన్ అయింది కదా, లేవగలమా అనుకునేవాళ్లు రోజుల వరుస తిప్పేసుకోండి: ముందు త్రయంబకం, మర్నాడు తోట. తెలుగిళ్లలో పెద్దవాళ్లు ఆ వరుసకే ఓటేస్తారు.

- ముందు కుశావర్త తీర్థం అనే కోనేరు, తర్వాత గుడి.
- లింగం పైకి లేచి కనిపించదు. పానవట్టంలో గుంట, అందులో బొటనవేలంత మూడు చిన్న లింగాలు. దూరం నుంచి చూసేవాళ్ల కోసం పైన అద్దం పెట్టారు. క్షణంలో నెట్టేస్తారు కాబట్టి ఎటు చూడాలో ముందే తెలుసుకుని వెళ్లండి: అద్దం వైపు.
- సోమవారం సాయంత్రం స్వామి బంగారు ముఖాన్ని కుశావర్తానికి ఊరేగిస్తారు. అది చూడాలంటే సోమవారం, క్యూ తక్కువ కావాలంటే మరో రోజు.
- కాలసర్ప, నారాయణ నాగబలి పూజలు చేయించుకునేవాళ్లు స్టాండులో ఎదురొచ్చిన వాళ్లతో మాట్లాడకండి. స్థానిక పురోహితులతో ముందే ఫోన్‌లో మొత్తం ఖర్చు, సామగ్రితో సహా, ఖాయం చేసుకోండి.

బ్రహ్మగిరి ఎక్కాలంటే సగం రోజు, మంచి మోకాళ్లు, కోతుల నుంచి సంచి కాపాడుకునే ఓపిక కావాలి. దారిలో అంజనేరి వస్తుంది. హనుమంతుడు పుట్టింది ఈ కొండ మీదేనని వీళ్లు అంటారు, తిరుమల అంజనాద్రి అని టీటీడీ 2021లో ప్రకటించింది, హంపీ వాళ్లది ఇంకో మాట. డ్రైవర్‌తో వాదన పెట్టుకోకండి, తిరుగు ప్రయాణం ఆయన చేతిలోనే ఉంది.

8. మూడో రోజు పొద్దున: పాండవ్‌లేణి

పేరు పాండవులది, గుహలు బౌద్ధులవి. మొత్తం 24. దాదాపు 200 మెట్లు ఎక్కాలి, ఎండ రాకముందే వెళ్లండి.

సమయం లేకపోతే మూడే చూడండి: 3, 10, 18. పద్దెనిమిదోది చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరం. పదోది క్షత్రప రాజు నహపాణుడి కాలంది. మూడోదే మనకు ముఖ్యం. గుమ్మం ముందు బరువు భుజాన మోస్తున్న ఆరు యక్ష విగ్రహాలు, వరండా వెనక గోడ మీద బ్రాహ్మీ లిపిలో పొడవాటి శాసనం ఉంటాయి. గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం అదే. బళ్లో బట్టీపట్టిన 'త్రిసముద్ర తోయ పీత వాహన' అన్న బిరుదు ఈ గోడ మీదిదే. పక్కనుంచి వెలుగు పడితే అక్షరాలు బాగా కనిపిస్తాయి, ఫోన్ టార్చిని ఏటవాలుగా పట్టుకోండి. ముట్టుకోవద్దు.

9. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

- షిరిడీ, నాసిక్, త్రయంబకం, వైనరీ ఒకే రోజున: కుదరదు. వైనరీ తీసేయండి, లేదా ఒక రాత్రి కలపండి.
- టూర్ స్లాట్ దొరకలేదు: చిన్న వైనరీకి ఫోన్ చేయండి, లేదా టూర్ లేకుండా భోజనానికి వెళ్లండి.
- వరద వచ్చి ఘాట్ మూసేశారు: పొద్దున కాలారామ్, పాండవ్‌లేణి పెట్టుకోండి. నీళ్లు తగ్గినా బురద ఉంటుంది, ఆ రోజు మెట్లు దిగొద్దు.
- ఆటోవాలా గుళ్లన్నీ చూపిస్తానంటాడు: కాస్త దూరంగా ఉన్న తపోవనం దాకా వెళ్లాలంటే సరే. రామకుండం చుట్టుపక్కల వాటికి నడకే.
- శనివారం తోటకు వెళ్లక తప్పలేదు: సాయంత్రం కాకుండా పొద్దున మొదటి స్లాట్ తీసుకోండి. ముంబై, పుణె జనం మధ్యాహ్నానికి గానీ దిగరు.

10. కొనుక్కుని తెచ్చుకునేవి

చివ్‌డా (అటుకుల మిక్చర్), ఇత్తడి సామాను, కాలంలో అయితే తినే ద్రాక్ష. ద్రాక్ష హైవే పక్కన గుత్తి రుచి చూసి కొనండి. గాలి ఆడే అట్టపెట్టెలోనే ఉంచాలి. పాలిథిన్ సంచిలో మూట కడితే రైలు మన్మాడ్ దాటేసరికే చెమటపట్టి మెత్తబడతాయి.

వైన్ సీసాల విషయంలో జాగ్రత్త. వేరే రాష్ట్రంలో కొన్న మద్యం తేవడం మీద తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ ఎక్సైజ్ ఆంక్షలు ఉన్నాయి. బిల్లు ఉంది కదా అనుకుంటే సరిపోదు. విమానంలో చేతిసంచిలో అసలు పోనివ్వరు. తనిఖీ వచ్చినప్పుడల్లా టెన్షన్ పడే బదులు నచ్చిన వైన్ పేరు ఫోటో తీసుకోండి. సులా వంటివి హైదరాబాద్ షాపుల్లో దొరుకుతూనే ఉంటాయి.